బొట్టు మానేయడమేనా లోకం నుంచి వేరుపడటం?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, మారతహళ్ళిలోని ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి వెళుతున్నాను. బొట్టు, పూలు, నగలు, సినిమాలు మానడమే లోకం నుంచి వేరుపడటమని అక్కడ బోధిస్తారు. నేను అన్నీ పాటిస్తున్నాను. ఆఫీసులో ఆయుధపూజ నాడు ప్రసాదం వద్దన్నందుకు తోటివారు నొచ్చుకున్నారు. ఇంట్లోనేమో మా కులపు క్రైస్తవ సంబంధమే కావాలని వెతుకుతూ, కట్నం మాట్లాడుతున్నారు. దాన్ని సంఘంలో ఎవరూ తప్పుపట్టడం లేదు. లోకాన్ని అనుసరించకపోవడమంటే అసలు ఏమిటండీ?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ప్రసాదం సంగతి చెబుతాను. అంగడిలో అమ్మేది ఏదైనా విచారణ చేయకుండా తినవచ్చునని, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దని అపొస్తలుడైన పౌలు బైబిల్లోని 1 కొరింథీయులు 10వ అధ్యాయంలో రాశాడు. కాబట్టి మీరు తీసుకోకపోవడం తప్పు కాదు. అయితే మరమరాల పొట్లం తెచ్చిన మనిషికి కారణం నెమ్మదిగా చెప్పి, ఆ మధ్యాహ్నం వారి పక్కనే భోజనానికి కూర్చోండి.

'ఈ లోక మర్యాదను అనుసరింపక' అన్న రోమా 12:2 వచనాన్ని మనం బట్టలకు, బొట్టుకు అన్వయించుకుని అక్కడే ఆగిపోతున్నాం. నిరాడంబరంగా ఉండటం మంచిదే. కానీ పౌలు ఆ వెంటనే, మూడో వచనంలో, ఎవడూ తన్ను తాను ఎంచుకొనతగినదానికంటె ఎక్కువగా ఎంచుకోకూడదని చెప్పి, పదహారో వచనంలో 'హెచ్చు వాటియందు మనస్సుంచక తగ్గువాటియందు ఆసక్తులై యుండుడి' అన్నాడు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని లోకం వేసే లెక్కను విడిచిపెట్టమనే ఆయన అడుగుతున్నాడు. మన సమాజంలో ఆ లెక్క పేరు కులం.

ఇది కొత్త జబ్బేమీ కాదు. సంఘాల్లో కులభేదాన్ని పూర్తిగా విడిచిపెట్టాలని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో దక్షిణాదికి లేఖ పంపినప్పుడు, తంజావూరులోను, మద్రాసు వేపేరిలోను చాలామంది విశ్వాసులే దాన్ని ఎదిరించారు. విగ్రహాలను విడిచి వచ్చిన కుటుంబాలకు కులాన్ని విడవడం అంతకన్నా కష్టమైంది.

లోకంలో ఉంటూనే వేరుగా బతకడానికి బైబిల్లోని దానియేలును చూడండి. అతను బబులోనువారు పెట్టిన బెల్తెషాజరు అనే పేరును భరించాడు, కల్దీయుల భాషను, విద్యను నేర్చుకున్నాడు, రాజు కొలువులో పనిచేశాడు. రాజు భోజనం వద్దని శాకధాన్యాలు అడిగిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. అతని మీద కక్షగట్టినవారు రాజ్యపాలన వ్యవహారాలన్నీ వెతికినా ఒక్క తప్పూ దొరకలేదని ఆరో అధ్యాయంలో ఉన్న మాటను మనం అంతగా చెప్పుకోం. చేయని ఉద్యోగానికి మూడేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకుని, దేవుడు ఉద్యోగమిచ్చాడని ఆదివారం సాక్ష్యం చెప్పడం, పనిమనిషికి వంటింటి గట్టు చివర వేరే గ్లాసు ఉంచడం, ఇవన్నీ బొట్టు లేని ఇళ్ళలోనూ సాగుతున్నాయి.

ఇది దూరం నుంచి రాస్తున్న మాట కాదు. నా ప్రధానం (నిశ్చితార్థం) రోజున ప్రార్థన ముగిశాక, గుడ్డ సంచిలో నోట్ల కట్టలు మా అన్నయ్య చేతికి వచ్చాయి. మావాళ్ళు దాన్ని కట్నమనలేదు, 'ఇష్టపూర్వకమైన కానుక' అన్నారు. 1961 నుంచే కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ చట్టరీత్యా నేరమని నాకు తెలుసు. ఒళ్ళో బైబిలు పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాను. ఆ సొమ్ము కోసం మా మామగారు అరెకరం అమ్మారని ఎనిమిదేళ్ళ తర్వాత నా భార్య చెప్పింది. ఆయన బతికుండగా క్షమాపణ అడగలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను, అమ్మా. పెళ్ళివారు మీ గడప తొక్కక ముందే, కట్నం ఇచ్చే పెళ్ళి మీకు వద్దని, అబ్బాయి విశ్వాసం, నడవడి చూస్తాను గానీ కులం చూడనని అమ్మానాన్నలతో చెప్పండి. ఫోనులో వద్దు, ఊరికి వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పండి. బంధువులు ఏమంటారోనన్న నాన్నగారి భయం నిజమైనదే, ఆయన చెప్పేదంతా వినండి. సంబంధాలు కొన్ని తప్పిపోతాయి, ఏడాదో రెండేళ్ళో ఆలస్యం కావచ్చు. మీ పాస్టరుగారిని కూడా ఆ రోజు మీతో రమ్మని అడగండి.