ఆశయం నాది, ఆశలు ఆమెవి. ఎలా నచ్చజెప్పాలి?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. నెల్లూరులో అద్దెకుంటాం, నాలుగేళ్ల పాప ఉంది. రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాను, జీతం 28 వేలు. గుంట లీజుకు తీసుకుని సొంతంగా వనామి రొయ్యలు వేయాలన్నది నా ఆశయం. ఆరేళ్లుగా కడుపు కట్టుకుని 5 లక్షలు కూడబెట్టాను. పండక్కి కొత్త చొక్కా కూడా కొనుక్కోను. మా ఆవిడకు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి. వాషింగ్ మెషీన్ కొనమంటుంది, డిగ్రీ అయింది కాబట్టి బీఈడీ చేస్తానంటుంది. రొట్టెల పండక్కి చెల్లెలితో వెళ్లి ఆటోకే 300 పెట్టింది. పెట్టుబడి చాలక, తన పది సవర్ల బంగారం తాకట్టు పెడదామంటే ఒప్పుకోలేదు. 'నీకు ఆశ ఎక్కువ' అన్నాను. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: 28 వేల జీతంలో అద్దె కట్టి, పాపను పెంచుతూ 5 లక్షలు మిగల్చడం మామూలు విషయం కాదు. మీ పట్టుదలంటే నాకు నిజంగా గౌరవం. కానీ ఆ డబ్బు మీరొక్కరే మిగిల్చారా? మీరు కొనుక్కోని చొక్కా ఉత్తరంలో ఉంది. ఆరేళ్లుగా ఆమె చేత్తో ఉతికిన బట్టలు ఎక్కడా లేవు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రోజూ ఎన్ని బట్టలు పడతాయో ఒక్క వారం మీరే ఉతికి చూడండి.

సొంత గుంట మీ కోరిక. దానికి ఆశయం అని పేరు పెట్టుకున్నారు. ఆమె కోరికకు ఆశ అని పెట్టారు. నాకు బాధ కలిగించింది ఇదే. పైగా వాషింగ్ మెషీన్‌నూ బీఈడీనీ ఒకే గాటన కట్టేశారు. మొదటిది నడుం నొప్పి తగ్గించే వస్తువు. రెండోది టీచర్ అవ్వాలన్న ఆమె ఆశయం. మీకున్నట్టే ఆమెకూ ఒకటి ఉంది.

మన జిల్లాలో దూబగుంట సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో జిల్లాలో సారా ఆగింది. ఆ తర్వాతే మన ఊళ్లలో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలైంది. పొదుపు లక్ష్మి అన్నారు దాన్ని. ఎవరు వేసిన రూపాయి వాళ్ల పేరు మీదే ఉండేది. అప్పు ఎవరికివ్వాలో, దేనికివ్వాలో అందరూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. మీ ఇంట్లో పొదుపు ఉంది, ఆ కూర్చుని మాట్లాడుకోవడం లేదు. దేనికోసం దాస్తున్నామో చెప్పే హక్కు లేకుండా ఏళ్ల తరబడి సర్దుకుంటూ పోతే ఏ మనిషికైనా విసుగొస్తుంది.

ఇక బంగారం. పుట్టింటివాళ్లు పెట్టింది చట్టప్రకారం స్త్రీధనం. దానిమీద భర్తకు హక్కు లేదని 2024లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అది అలా ఉంచండి. ఆమె ఎందుకు వద్దందో మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? లెక్కలు రాసేది మీరే. మేత బాకీలు తీర్చలేక ఎందరు రైతులు మీ దుకాణం మెట్లు ఎక్కడం మానేశారో మీకు తెలియదా? తెల్లమచ్చ రోగం తగిలిందంటే వారం పది రోజుల్లో గుంట ఖాళీ అవుతుంది. రోగం రాకపోయినా, 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ గట్టుమీద రొయ్య ధర పడిపోయింది. అందులో రైతు తప్పేముంది? పాప కోసం మిగిలిన ఒకే ఒక్క ఆసరాను ఆమె పట్టుకుని కూర్చుంటే అది ఆశ ఎక్కువై కాదు, భయం.

గుంట వద్దని నేను అనను. కానీ మొత్తం 5 లక్షలూ ఒక్క పంటలో పోయకండి. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. మెషీన్ ఈ నెలలోనే కొనండి. బీఈడీకి ఫీజు ఎంతవుతుందో, పాపను ఎవరు చూసుకుంటారో ఇద్దరూ కలిసి కనుక్కోండి. మిగిలినదాంట్లో, పోయినా ఇల్లు తట్టుకునేంత డబ్బుతో అనుభవమున్న రైతు దగ్గర ఒక పంటకు వాటా కలపండి. ఆ మూడు నాలుగు నెలలూ వీలైనప్పుడల్లా రాత్రిళ్లు గట్టుమీద ఉండి చూస్తే, సొంతంగా వేయగలరో లేదో మీకే తెలుస్తుంది. ఆమెకు వచ్చే జీతం రేపు మీ గుంటకు ధైర్యమవుతుంది కూడా. (అందుకోసమే చదివించమని కాదు. ఆమెకు చదవాలని ఉంది, అది చాలు.)

'నీకు ఆశ ఎక్కువ' అన్న మాటకు ఆమెకు క్షమాపణ చెప్పండి. 'కానీ' అని ఇంకేమీ కలపకండి.

ఇంకొక్కటి. రొట్టెల పండక్కి వెళ్లిన మనిషి స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ల చేతిలోంచి రొట్టె అందుకుంటుంది. ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, సొంతింటి రొట్టె, వ్యాపారం రొట్టె, ఎవరికి కావలసింది వాళ్లు వెతుక్కుంటారు. ఆటోకు 300 అయిందని రాశారు. ఆమె ఏ రొట్టె పట్టిందో రాయలేదు. బహుశా అడగలేదు. చదువు కోసం పట్టి ఉండొచ్చు. మీ గుంట కోసమే పట్టి ఉండొచ్చు కూడా. ఈ రాత్రి పాప నిద్రపోయాక అడగండి. ఆమె చెప్పడం అయ్యేదాకా డబ్బు మాట ఎత్తకండి.