బుక్ చేసింది ఆగుంబెలో, దింపింది శివమొగ్గలో

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. బట్టల దుకాణంలో పని చేస్తాను. దూరదర్శన్‌లో వచ్చిన ‘మాల్గుడి డేస్’ సీరియల్ తీసిన ఊరు, కర్ణాటకలోని ఆగుంబె చూడాలని మా ఆవిడకు చిన్నప్పటి నుంచీ కోరిక. పెళ్లయి పదేళ్లయిందని విశాఖపట్నంలో ఒక టూర్ ఆపరేటర్ దగ్గర 36,800 రూపాయలకు ప్యాకేజీ తీసుకున్నాం. 2024 జనవరి 25 రాత్రి బెంగళూరులో బయలుదేరి, 26, 27 రాత్రులు ఉండి, 28న తిరిగి రావాలి. ‘సీరియల్లో స్వామి ఉన్న ఇంట్లోనే పడుకుంటారు’ అని ఫోన్లో చెప్పాడు. తీరా శివమొగ్గ బస్టాండు పక్క లాడ్జిలో దింపి, ఆ ఇంటి ముందు పది నిమిషాలు నిలబెట్టి తీసుకొచ్చేశారు. మా ఆవిడ దారంతా ఏడుస్తూనే ఉంది. ఆ కోపంలో వాట్సాప్ చాట్ మొత్తం చెరిపేశాను. 2024 ఆగస్టులో అడిగితే ‘చూస్తాం సార్’ అన్నాడు, అంతే. చీటింగ్ కేసు పెడితే డబ్బు కక్కుతాడని మిత్రులు అంటున్నారు. పోయిన చాట్‌ను గుర్తున్నంత వరకు మళ్లీ తయారు చేయించి పెట్టవచ్చా? 10 లక్షల పరిహారం అడగాలనుకుంటున్నాను.

జవాబు: మూడు పేజీల మీ ఉత్తరంలో కేసును నిలబెట్టే మాట ఒక్కటే ఉంది. దాన్ని మీరు ఆఖరి పేజీలో, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు: ఈమెయిల్లో వచ్చిన పీడీఎఫ్‌లో ‘26, 27 రాత్రులు బస – ఆగుంబె’ అని ఉంది. మీ కేసు అదే. స్వామి ఇల్లు మీ కేసు కాదు.

ఆ ఇల్లు, అంటే దొడ్డమనె, ఒక కుటుంబం సొంత ఇల్లు. లోపలికి రానివ్వడం, ఉండనివ్వడం ఇంటివాళ్ల ఇష్టం. మీ పీడీఎఫ్‌లోనే రెండో రోజు కింద ‘దొడ్డమనె – బయటి నుంచి ఫోటోలు’ అని రాసి ఉందని మీరే చెప్పారు. ఫోన్లో అన్న మాటకు రికార్డింగ్ లేదు, రాతలో ఉన్నది దానికి విరుద్ధంగా ఉంది. ఫిర్యాదు మొదటి పేరాలోనే ‘స్వామి ఇంట్లో పడుకోబెడతామన్నారు’ అని మొదలుపెడితే ఎదుటి వకీలు ఆ పీడీఎఫ్‌నే తీసి మీ నోరు మూయిస్తాడు. ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా చులకనవుతుంది.

‘ఆగుంబె’ అన్న పదం సంగతి వేరు. శివమొగ్గ నుంచి ఆగుంబె సుమారు 90 కిలోమీటర్లు, తీర్థహళ్లి మీదుగా ఘాట్ ప్రాంతపు రోడ్డు, రెండు గంటలకు పైనే. ఆగుంబెలో బస అంటే సాయంత్రం ఘాట్ దగ్గర సూర్యాస్తమయం చూసి నడిచో, ఆటోలోనో గదికి చేరడం. శివమొగ్గలో బస అంటే వెలుతురుండగానే వెనక్కి తిరగడం. మిమ్మల్ని ఆ ఇంటి ముందు పది నిమిషాలే ఉంచడానికి కారణం కూడా అదే. షరతుల్లో ‘హోటల్ దొరక్కపోతే అదే స్థాయి మరో హోటల్ ఇస్తాం’ అని ఉందని భయపడుతున్నారు. ఆ షరతు హోటల్ పేరు మార్చుకోవడానికి పనికొస్తుంది, ఊరు మార్చడానికి కాదు. ఇది సేవాలోపం, వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(11). ఒక జాగ్రత్త: కోపంతో ‘ఈ షరతులన్నీ అన్యాయమైన కాంట్రాక్టు, కొట్టేయండి’ అని కోరకండి. అన్యాయమైన కాంట్రాక్టును తేల్చే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు, అది రాష్ట్ర కమిషన్‌ది. 36,800 కోసం రాష్ట్ర కమిషన్ ఉన్న కటక్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. సేవాలోపం దగ్గరే ఆగండి.

అరసాళు రైల్వే స్టేషన్‌లోని మాల్గుడి మ్యూజియం చూపలేదన్నది రెండో ఫిర్యాదుగా ఒక్క వాక్యంలో రాయండి చాలు. పీడీఎఫ్‌లో దాని పక్కన ‘సమయాన్ని బట్టి’ అని ఉంది కదా.

ఇక గడువు. మీ ఉత్తరం మీద తేదీ 2025 డిసెంబరు 18. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. కారణం పుట్టింది 2024 జనవరి 26న, శివమొగ్గ లాడ్జిలో తాళంచెవి మీ చేతికిచ్చినప్పుడు. ‘2024 ఆగస్టులో చూస్తాం అన్నాడు, అప్పటి నుంచి లెక్క వేసుకోవచ్చా’ అంటే, వేసుకోకూడదు. ‘చూస్తాం సార్’ అనేది బాకీ ఒప్పుకోవడం కాదు. లీగల్ నోటీసు ఇచ్చినా, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నంబరు తీసుకున్నా గడియారం ఆగదు. 2026 జనవరి 26 సోమవారం, గణతంత్ర దినోత్సవం. దాని ముందు శని, ఆదివారాలు. 23వ తేదీ శుక్రవారం ఒడిశాలో నేతాజీ జయంతి సెలవు. సెలవు రోజున గడువు ముగిస్తే మర్నాడు వేయవచ్చన్న సూత్రం ఉంది, కానీ దాని మీద బతకవద్దు. 22వ తేదీ గురువారం మీకు ఆఖరి రోజు అనుకోండి. నా మాట వింటే జనవరి 10లోపే వేయండి, ఎందుకంటే రిజిస్ట్రీ వాళ్లు లోపాలు చూపి తిప్పి పంపితే సరిదిద్దుకునే వ్యవధి ఉండాలి. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు, తగిన కారణం ఉంటే కమిషన్ ఆ కారణాలు రాసి అనుమతిస్తుంది. ‘వాడు ఇస్తాడని ఆగాను’ అన్నది ఆ కారణాల్లో తేలిగ్గా నిలబడదు.

ఇప్పుడు చాట్ సంగతి. దాన్ని మళ్లీ ‘తయారు చేయించాలన్న’ ఆలోచన ఇవాళే వదిలేయండి. గుర్తున్నట్టు టైపు చేసి స్క్రీన్‌షాట్ చేస్తే, అందులోని ప్రతి అక్షరం నిజమే అయినా అది కల్పించిన సాక్ష్యమే. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణ కిందే లెక్క. అక్కడ కల్పిత సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఎదుటివాడి ఫోన్లో అసలు చాట్ భద్రంగా ఉంటుందన్న సంగతి మీ మిత్రులకు తట్టినట్టు లేదు. సందేశం సమయం ఒక్క నిమిషం తేడా వచ్చినా మీరు ముద్దాయి, వాడు బాధితుడు.

కోపం వస్తే కప్పు పగలగొట్టుకోవాలి గానీ సాక్ష్యాన్ని చెరుపుకుంటారా? అయితే మీ ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. ఆపరేటర్ పెట్టిన గ్రూపులో మీ శ్రీమతి కూడా ఉన్నారు. మీ ఫోన్లో చెరిపితే చెరిగింది మీ వైపే. ఆవిడ ఫోన్లో ఉన్నదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఆ గ్రూపును ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ చేసి, ఫోటోలతో సహా ఈమెయిల్‌కు పంపుకోండి. స్క్రీన్‌షాట్లలో ఆపరేటర్ నంబరు, తేదీ కనిపించాలి. మీరు సేవ్ చేసుకున్న పేరు మాత్రమే కనిపిస్తే అది ఎవరో తేలదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయండి. అందులో మొదటి భాగం ఫోన్ యజమాని, అంటే మీ శ్రీమతి సంతకం చేయాలి. రెండో భాగం నిపుణుడిది, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి. వినియోగదారుల కమిషన్లు అఫిడవిట్ల మీద సంక్షిప్తంగా విచారిస్తాయి కాబట్టి ప్రతిసారీ ఇంత పట్టింపు ఉండదు, కానీ ఎదుటివాడు ‘ఇది నాది కాదు’ అన్న రోజున కాగితం చేతిలో ఉండాలి. సందేశాలు, వాయిస్ మెసేజ్‌లు తెలుగులో ఉన్నాయన్నారు. బరంపురం కమిషన్‌లో తెలుగు చదివే సభ్యులు ఉంటారనుకోకండి. ప్రతి దానికీ ఇంగ్లిషు అనువాదం పక్కనే పెట్టండి, వాయిస్‌ను ముందు మాటలుగా రాయించి తర్వాత అనువదించండి.

లాడ్జి బిల్లు దొరికిందా అని మీరు రాయలేదు. దొరక్కపోతే లాడ్జికి రాసి, మీ పేరు మీద 26, 27 రాత్రుల బిల్లు నకలు అడగండి. ఆ రెండు రాత్రులు మీరు తీసిన ఫోటోలు అసలు ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపిన ఫోటోలో స్థలం, సమయం వివరాలు పోతాయి, గ్యాలరీలోని అసలు ఫైల్లో ఉంటాయి. 27న విసిగిపోయి సొంతంగా టాక్సీ మాట్లాడుకుని ఆగుంబె వెళ్లి సూర్యాస్తమయం చూశారు కదా, ఆ 4,200 యూపీఐలో కట్టడం మీరు చేసిన తెలివైన పని. శివమొగ్గలోనే ఉన్నారనడానికి, నష్టం జరిగిందనడానికి రెండింటికీ అదే రుజువు.

డ్రైవర్ చేతికిచ్చిన 6,800 నగదుకు రసీదు లేదు. మిగిలిన 30,000 బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది, దాన్ని బ్యాంకు ముద్రతో తీసుకోండి. ‘బాలెన్స్ డ్రైవర్‌కు ఇవ్వండి’ అని గ్రూపులో సందేశం ఉంటే నగదుకు అదే ఆధారం. లేదంటే మీరు పంపే లీగల్ నోటీసులో ‘మొత్తం 36,800 అందుకున్నారు’ అని స్పష్టంగా రాసి, ఏమంటాడో చూడండి. బండి దిగేటప్పుడు ‘సర్వీసు బాగుంది’ అని ఫారం మీద సంతకం చేశానని చివర్లో రాశారు. దాన్ని దాచకండి. వాడు చూపించక ముందే, డ్రైవర్ చేతిలో పెట్టి సంతకం అడిగాడని, బస ఊరి గురించి అందులో ప్రశ్నే లేదని ఫిర్యాదులో మీరే చెప్పండి.

చీటింగ్ కేసు గురించి. 2024 జనవరి నాటి సంగతికి పాత ఐపీసీ 420 వర్తిస్తుంది, ఆ తర్వాత అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత కాదు. డబ్బు తీసుకున్న క్షణానికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. బండి పంపాడు, లాడ్జి ఇచ్చాడు, 28న వెనక్కి తెచ్చాడు. ఇది ఒప్పందం సరిగా నెరవేర్చకపోవడం. ‘డబ్బిస్తే పోలీసు కేసు వెనక్కి తీసుకుంటా’ అని ఒక్క సందేశం పెట్టారంటే మీ మీద వాడికి ఆయుధం దొరికినట్టే.

ఎక్కడ వేయాలి? రసీదు మీద ‘విశాఖపట్నం కోర్టుల పరిధి’ అని ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పని చేసుకునే చోట వేసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది, కాబట్టి బరంపురంలోని గంజాం జిల్లా కమిషన్ సరిపోతుంది. కానీ మీ ఆధార్ ఇంకా ఇచ్ఛాపురం చిరునామాతోనే ఉందన్నారు. సరిహద్దు ఊళ్ల వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆధార్ ఒక్కటే పెడితే, నివాసం శ్రీకాకుళం జిల్లా అని మొదటి రోజే అభ్యంతరం వస్తుంది. బరంపురం ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, దుకాణం యజమాని లెటర్‌హెడ్ మీద ఇచ్చే ఉద్యోగ ధ్రువపత్రం జతచేయండి. ప్రతివాదిగా బోర్డు మీద ఉన్న పేరు రాయకండి. రసీదు మీది జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే చట్టబద్ధమైన పేరు వస్తుంది, ‘ఫలానా వ్యక్తి, ఫలానా ట్రావెల్స్ యజమాని’ అని రాయండి. మీరు, మీ శ్రీమతి ఇద్దరూ ఫిర్యాదుదారులు కావాలి. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేసి, ఎన్ని ప్రతులు కావాలో కమిషన్ ఆఫీసులో కనుక్కుని ఇవ్వండి. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు.

లీగల్ నోటీసు తప్పనిసరి కాదు. అయినా ఈ వారమే బట్వాడా రుజువుతో స్పీడ్ పోస్టులో పంపి పది రోజులే వ్యవధి ఇవ్వండి. బస వాటా ఎంత, రవాణా వాటా ఎంత అని అందులో అడగండి. చెప్పకపోతే సగం, 18,400 కోరండి. దానికి టాక్సీ 4,200, మానసిక వేదనకు 25,000, ఖర్చులకు 10,000 చేర్చండి. 10 లక్షలు అడిగినంత మాత్రాన ఇవ్వరు, ఫిర్యాదు మీద నమ్మకం తగ్గుతుంది.

కమిషన్ నోటీసు అందాక ఆపరేటర్ 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఆ 45 రోజుల్లోనే రాజీకి ఫోన్ వస్తుందని నా అంచనా. మరో ట్రిప్పుకు కూపన్ ఇస్తానంటే ఒప్పుకోకండి. డబ్బు ఇస్తానంటే, ఆ రాజీ కమిషన్ ఉత్తర్వులో నమోదై, మొత్తం మీ ఖాతాలో పడేదాకా ఫిర్యాదు ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టకండి.