పదో తరగతి పరీక్షలకు రెండు నెలలే ఉంది, లెక్కల్లో వెనకబడ్డాడు: చీటీలు లేకుండా పాసవుతాడా?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: అబ్బాయి చంద్రగిరిలో పదో తరగతి, లెక్కలు, సైన్సు బాగా వెనకబడ్డాయి, పరీక్షలకు రెండు నెలలే ఉంది. ట్యూషన్‌లో తోటిపిల్లలు మైక్రో జిరాక్స్ చీటీలు సిద్ధం చేసుకుంటున్నారు, 'అందరూ చేసేదే కదా' అని చుట్టాలు కూడా అంటున్నారు. చీటీ లేకుండా పాసవుతాడా అని మీ బెంగ.

అవుతాడు. పదో తరగతికి లెక్కలు చెబుతూ, పరీక్ష హాళ్లలో డ్యూటీ చేస్తున్న అనుభవంతోనే ఈ మాట అంటున్నాను. మీవాడికి ముందు తెలియాల్సింది పేపరులో మార్కులు ఎక్కడెక్కడ ఉన్నాయో.

లెక్కల పేపరులో మొత్తం 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎనిమిది మార్కుల ప్రశ్నలకు ఒక్కోదానికి ఛాయిస్ ఉంటుంది. పాసు మార్కులు 35. వెనకబడిన పిల్లవాడు ఒక మార్కు ప్రశ్నల్లో 8, రెండు మార్కుల వాటిలో 10 తెచ్చుకుని, నాలుగు మార్కులవి మూడు సరిగ్గా చేస్తే 30 అవుతాయి. ఒక ఎనిమిది మార్కుల లెక్కలో సగం దాకా వెళ్లి స్టెప్ మార్కులు 5 తెచ్చుకుంటే 35. పుస్తకం మొత్తం రాకపోయినా ఇది అందుతుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి వాడికి చూపించండి. భయం సగం అక్కడే తగ్గుతుంది.

చీటీ ఎందుకు పనికిరాదో కూడా వాడికి విడమరిచి చెప్పాలి, ఊరికే తప్పు అంటే వినే వయసు కాదు. లెక్కల్లో అంకెలు మారతాయి, చీటీలో ఉండేది గైడులోని అంకెలు. పద్ధతి తెలియనివాడు ఆ అంకెలనే దించేస్తాడు, పేపరు దిద్దేవాళ్లకు అది మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. పైగా చీటీ తీసి, వెతికి, దాచి, మళ్లీ తీసేసరికి ఒక పెద్ద లెక్క చేసే సమయం పోతుంది. పట్టుబడితే మాల్ ప్రాక్టీస్ కింద బుక్ చేస్తారు. చూసి రాసినవాడితో పాటు చూపించినవాడికీ చిక్కే. ఇందుకోసం మన రాష్ట్రంలో 1997 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. 2022లో మొదటి రోజు తెలుగు పేపరు వాట్సాప్‌లో తిరిగిన కేసు మన చిత్తూరు పోలీసుల దగ్గరే నడిచింది, అరెస్టులూ జరిగాయి. అందుకే 'రేపటి పేపరు మా దగ్గర ఉంది' అని ఫోన్లో ఎవరు డబ్బులడిగినా నమ్మకండి. చాలావరకు అది పాత మోడల్ పేపరే. నిజంగా లీకైనదైతే మరీ ప్రమాదం.

ఇక చదువు సంగతి. రెండు నెలల్లో మొదటి అయిదు వారాలు పాఠాలకు, చివరి మూడు వారాలు పూర్తి పేపర్లకు కేటాయించండి. లెక్కల్లో వరుసగా మొదటి పాఠం నుంచి మొదలుపెట్టొద్దు. అంకశ్రేఢులు, వర్గ సమీకరణాలు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, నిరూపక జ్యామితి ముందు పట్టుకోవాలి. వీటిలో సూత్రం, ప్రతిక్షేపణ, జవాబు అనే నడక స్పష్టంగా ఉంటుంది. త్రిభుజాల సిద్ధాంతాలు తర్వాత చూసుకోవచ్చు. వాస్తవ సంఖ్యల్లో రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించడం ఒక్కసారి అర్థమైతే రూట్ 3, రూట్ 5 కూడా అదే దారి.

పిల్లలు మార్కులు పోగొట్టుకునే చోట్లు ఏటా దాదాపు అవే. మధ్యగతం సూత్రంలో సంచిత పౌనఃపున్యం అంటే మధ్యగత తరగతికి ముందున్న తరగతిది వేయాలి. ఎక్కువమంది మధ్యగత తరగతిదే వేసేస్తారు, అక్కడితో జవాబు మొత్తం తప్పు. అంకశ్రేఢిలో పదో పదానికి సామాన్య భేదాన్ని 9తో గుణించాలి, 10తో కాదు. వర్గ సమీకరణంలో వేసే బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీలో ఏ ధనసంఖ్యగా ఉండి సీ రుణసంఖ్య అయితే రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అవుతాయి, చేయి తొందరపడేది అక్కడే. అర్ధగోళం మీద శంకువు అతికించిన బొమ్మ ఇస్తే రెండింటి వక్రతల వైశాల్యాలే కూడాలి, అతుక్కున్న వృత్తం బయటికి కనపడదు కాబట్టి అది లెక్కలోకి రాదు. గ్రాఫ్‌లో స్కేలు రాయకపోవడం, అక్షాలకు పేర్లు పెట్టకపోవడం మరో నష్టం. సరళరేఖకు రెండు బిందువులు చాలు కానీ మూడు తీసుకోమనండి, మూడోది గీత మీద పడకపోతే తప్పు వెంటనే దొరుకుతుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. చేసి ఉన్న లెక్కను చదివి 'వచ్చేసింది' అనుకోవడం. పుస్తకంలోని ఉదాహరణను కాగితంతో మూసి, ప్రశ్న మాత్రమే చూసి చేయాలి. ఆగిపోయిన చోట ఒక లైను తెరిచి చూసి మళ్లీ మూయాలి. మరుసటి రోజు అదే లెక్క మళ్లీ చేయాలి. తప్పిన లెక్కలకు వేరే నోటుబుక్కు పెట్టి, ఎందుకు తప్పిందో పక్కన ఒక ముక్కలో రాయించండి: 'గుర్తు మర్చిపోయా', 'సూత్రం తెలీదు', 'ప్రశ్న సరిగా చదవలా'. ఆఖరి వారంలో గైడు కంటే ఈ నోటుబుక్కే ఎక్కువ పనికొస్తుంది.

సైన్సు రెండు రోజులు, రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులు. భౌతికశాస్త్రంలో కుంభాకార కటకానికి వస్తువు ఆరు స్థానాల్లో ఉన్నప్పుడు వచ్చే కిరణ చిత్రాలు రోజుకు రెండు చొప్పున గీయించండి. కిరణం మీద బాణం గుర్తు లేకపోతే మార్కు తగ్గుతుంది. రసాయన సమీకరణాల తుల్యం రోజుకు అయిదు చాలు. జీవశాస్త్రంలో బొమ్మ పెన్సిల్‌తో గీసి, భాగాల పేర్లు ఒకే వైపు రాస్తే దిద్దేవారికి సులువు. సోషల్‌లో మ్యాపు వదలొద్దు: పులికాట్ మన తిరుపతి జిల్లా అంచునే ఉన్నా, మ్యాపులో మాత్రం కొల్లేరు దగ్గర పెట్టేసే పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. హిందీకి పాసు మార్కులు 20 కదా అని పూర్తిగా వదిలేస్తారు, అదీ ప్రమాదమే. రోజుకు అరగంట ఇవ్వండి.

చివరి మూడు వారాల్లో ఆదివారాలు సరిగ్గా 9.30కి కూర్చోబెట్టి 12.45 దాకా పూర్తి పేపరు రాయించండి. మోడల్ పేపర్లు ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికి. మిగిలిన 180 నిమిషాల్లో ఎనిమిది మార్కుల లెక్కకు 14 నిమిషాలు, నాలుగు మార్కులకు 7, రెండు మార్కులకు 3, ఒక మార్కుకు 1. మొత్తం 162 అవుతుంది, 18 నిమిషాలు సరిచూసుకోవడానికి మిగులుతాయి. లెక్క ఆగిపోతే అక్కడ చోటు వదిలి ముందుకు పోవాలి. ఏదీ ఖాళీగా వదలకూడదు, సంబంధించిన సూత్రం రాసినా ఎంతో కొంత వస్తుంది. మార్జిన్‌లో ప్రశ్న సంఖ్య, సెక్షను సరిగ్గా వేయడం కూడా ఇంట్లోనే అలవాటు కావాలి.

పరీక్ష రోజు నిజాయితీగా రాసే పిల్లలు కూడా అనవసరంగా ఇరుక్కుంటారు. బస్సులో చదివిన కాగితం జేబులో మిగిలిపోవడం, స్కేలు మీదో అట్ట మీదో ఎప్పుడో రాసుకున్న సూత్రం, హాల్‌టికెట్ వెనక గీతలు, అరచేతిలో పెన్ను రాత, ఇవన్నీ అనుమానానికి దారి. అట్ట, జామెట్రీ బాక్సు ముందురోజే తుడిచి, గేటు దగ్గర జేబులు ఒకసారి తిప్పి చూసుకోమనండి. పక్కవాడు చూపించమంటే తలెత్తకుండా రాసుకోవడమే మేలు, గొడవ పడక్కర్లేదు. గోడ అవతలి నుంచి చీటీ వచ్చి కాళ్ల దగ్గర పడితే ముట్టుకోకుండా ఇన్విజిలేటర్‌ను పిలవాలి. చంద్రగిరి నుంచి తిరుపతి సెంటరు పడితే హాల్‌టికెట్ చూపించి పల్లెవెలుగు బస్సులో ఉచితంగా వెళ్లొచ్చు. అయినా ముందురోజే వెళ్లి సెంటరు చూసి రండి, పరీక్ష రోజు 8.45 కల్లా అక్కడ ఉండాలి.

వాడు పాలిటెక్నిక్ అనుకుంటే ఇంకో మాట. పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, అందులో 50 లెక్కలే, అన్నీ ఈ పదో తరగతి పాఠాలే. ఇప్పుడు చేతితో చేసిన ప్రతి లెక్కా అక్కడ మళ్లీ పనికొస్తుంది.

ఒకవేళ ఒక సబ్జెక్టు పోయినా సంవత్సరం పోదు. సప్లిమెంటరీ అదే ఏడాది వేసవిలో వస్తుంది, ఆ ఒక్క పేపరే రాస్తే చాలు. రెండు మూడు మార్కుల్లో పోయిందనిపిస్తే ముందు రీకౌంటింగ్‌కో, జవాబుపత్రం కాపీ కూడా వచ్చే రీవెరిఫికేషన్‌కో స్కూలు ద్వారా దరఖాస్తు చేయండి. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి ఫలితాలొచ్చిన రోజే హెడ్మాస్టర్ గారిని కలవండి. దాని జవాబు కోసం ఆగకుండా సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టేయండి.