పెద్దవాళ్లతో, చిన్న పాపతో మూడు రోజుల్లో ఒరెగాన్ తీరం: ఏ బీచ్‌లు, ఏ పార్కులు చూడాలి?

మీ ప్రశ్న ఇది: జులైలో అమ్మానాన్నలు విశాఖ నుంచి వస్తున్నారు, ఆరేళ్ల పాప ఉంది, పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో నుంచి కారులో బయల్దేరి మూడు రోజుల్లో ఆస్టోరియా నుంచి కాలిఫోర్నియా సరిహద్దు దాకా ఒరెగాన్ తీరమంతా చూడాలి, ఏవి వదలకూడదు?

ముందు వదిలేయాల్సింది చెప్తాను. దక్షిణం సగం వదిలేయండి. తీరం పొడవు సుమారు 360 మైళ్లు. తీరం వెంబడి వెళ్లే 101 హైవే చాలా చోట్ల అటొక లేను, ఇటొక లేను మాత్రమే. పైగా దారి పొడవునా ఊళ్లు, వంపులు, ముందు నత్తనడక నడిచే ఆర్‌వీలు, అంటే ఇల్లులాంటి పెద్ద బళ్లు. అందం విషయానికొస్తే బ్రూకింగ్స్ దగ్గరున్న సామ్యూల్ బోర్డ్‌మన్ పార్కుకి నా లెక్కలో మొదటి స్థానం. 12 మైళ్ల పొడవునా కొండచరియలు, సముద్రంలో రాతి తోరణాలు. కానీ పోర్ట్‌లాండ్ నుంచి అక్కడికి ఒకవైపే అయిదారు గంటల డ్రైవ్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని, "ఇంకా ఎంతసేపు?" అని అడిగే పాపని కూర్చోబెట్టి అంత దూరం తోలితే వాళ్లకి గుర్తుండేది కారు సీటే. దానికోసం ఇంకోసారి విడిగా వెళ్లండి. ఈసారికి క్యానన్ బీచ్ నుంచి ఫ్లోరెన్స్ వరకు చాలు.

రెండో మాట బట్టల గురించి. పోర్ట్‌లాండ్‌లో 95 డిగ్రీల (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే) ఎండ మండిపోతున్న రోజున కూడా 26 హైవే మీద కొండలు దాటేకొద్దీ డాష్‌బోర్డు మీద అంకె తగ్గుతూ పోతుంది. బీచ్ దగ్గర దిగేసరికి 60 చూపిస్తుంది, దానికి తోడు గాలి, పొగమంచు. మాది భీమిలి. సముద్రమంటే చెమట, ఉక్క అనుకునే మా అమ్మ చీర మీద స్వెటర్, దాని మీద నా జాకెట్ వేసుకుని, "ఇదేం సముద్రమే, ఫ్రిజ్ తలుపు తీసినట్టుంది" అంది. మంకీ క్యాప్ తెచ్చుకోమని విశాఖకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. నవ్వులాటకి అనట్లేదు.

నీళ్లు కూడా అంతే. వేసవిలోనూ 50, 55 డిగ్రీల దగ్గరే ఉంటాయి. కార్తీక పౌర్ణమికి సముద్రంలో మూడు మునకలు వేసే అలవాటున్నవాళ్లకి ఇక్కడ స్నానం కుదరదని ముందే చెప్పాలి. పాదాలు తడుపుకుంటే చాలు. చలి ఒక్కటే కాదు, ఇక్కడ స్నీకర్ వేవ్స్ అంటారు, చాలాసేపు బుద్ధిగా ఉన్న సముద్రం ఒక్కసారిగా మామూలు అలలు వచ్చే చోటు దాటి చాలా లోపలికి దూసుకొస్తుంది. చలికాలంలో ఎక్కువ, కానీ ఏ నెలలోనూ సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. ఒడ్డున పెద్ద పెద్ద దుంగలు పడి ఉంటాయి. ఫోటో బాగుంటుందని పిల్లల్ని వాటి మీద ఎక్కిస్తుంటారు మనవాళ్లు. నీటికి దగ్గరగా ఉన్న దుంగ మీద మాత్రం వద్దు. టన్నుల బరువున్న దుంగని కదిలించడానికి జానెడు నీళ్లు చాలు, ఆ తర్వాత అది ఎవరి మీదికి దొర్లుతుందో చెప్పలేం.

ఇక అసలు సంగతి. ఒరెగాన్ తీరానికి ప్లాన్ వేసుకునేటప్పుడు మ్యాప్ కంటే ముందు ఆటుపోట్ల పట్టిక తెరవండి. విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా మనం పెద్దగా పట్టించుకోం. ఇక్కడ ఏడెనిమిది అడుగుల తేడా మామూలు. పోటు మీదున్నప్పుడు ఏమీ లేదనుకున్న చోట, ఆటుకి నీళ్లు వెనక్కి పోగానే ఒక లోకం బయటపడుతుంది. రోజుకి రెండు ఆటులు, రెండు పోట్లు. టైము రోజూ ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతూ పోతుంది. వేసవిలో బాగా లోతుగా నీళ్లు తగ్గే ఆటులు పొద్దున పూట పడతాయి. పట్టికలో మైనస్ గుర్తుతో ఉన్న అంకె కనిపిస్తే ఆ పొద్దున బంగారం. నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల వెబ్‌సైట్‌లో ఏడాది మొత్తానికీ దొరుకుతుంది. బాగా తగ్గే టైముకి గంట ముందే అక్కడ ఉండండి, నీళ్లు మళ్లీ పెరగడం మొదలవగానే వెనక్కి వచ్చేయండి.

మొదటి రోజు ఆ ఆటుని క్యానన్ బీచ్‌లో హేస్టాక్ రాక్ దగ్గర పట్టుకోండి. 235 అడుగుల నల్లరాయి, బీచ్‌లోనే నిలబడి ఉంటుంది. ఎప్పుడో కోటిన్నర ఏళ్ల కిందట తూర్పు నుంచి ఇంతదూరం పారి వచ్చిన లావా అది. ఆటుకి దాని పాదాల దాకా నడిచి వెళ్లొచ్చు. రాతి పగుళ్లలో ఊదా రంగు, నారింజ రంగు సముద్ర నక్షత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని అతుక్కుని ఉంటాయి. పాప కళ్లకి అవి వెంటనే దొరుకుతాయి. పెద్దవాళ్లు ఎక్కువగా గమనించనివి ఎనిమోన్లు, పువ్వుల్లా కనిపించే సముద్ర ప్రాణులు. నీళ్లలో ఉన్నవి పచ్చగా రేకులు విప్పుకుని ఉంటాయి. నీళ్లు లేని చోట ముడుచుకుపోయి, ఒంటినిండా ఇసుక, గవ్వ ముక్కలు అంటించుకుని ఉత్త మట్టిగడ్డల్లా కనిపిస్తాయి. తెలియక తొక్కేస్తాం. అందుకే రాళ్ల మీద కాకుండా ఇసుక మీదే అడుగులు వేయించండి. రాయి ఎక్కకూడదు, ప్రాణులున్న వేటినీ పీకకూడదు, ఇంటికి తెచ్చుకోకూడదు. బైనాక్యులర్స్ ఉంటే తప్పక తీసుకెళ్లండి. జులైలో రాయి పైన గడ్డి ఉన్న వాలు మీద పఫిన్ పక్షులు ఉంటాయి. నారింజ ముక్కు, తెల్ల ముఖం. ఆగస్టుకల్లా వెళ్లిపోతాయి.

అక్కడికి రెండు మైళ్లలో ఎకోలా స్టేట్ పార్కు. పార్కింగ్ నుంచి నాలుగడుగులు వేస్తే చాలు, ఫోటోల్లో చూసే ఆ మొత్తం తీరం కళ్లముందు ఉంటుంది, నడవలేని పెద్దవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. దూరంగా సముద్రం మధ్యలో ఒంటరి రాయి మీద ఒక లైట్‌హౌస్ కనిపిస్తుంది, 1881లో వెలిగించి 1957లో ఆపేశారు. పార్కులోకి వెళ్లే రోడ్డు సన్నం, కొండచరియలు విరిగిపడి అప్పుడప్పుడు మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. కాస్త దక్షిణాన ఆస్వాల్డ్ వెస్ట్ స్టేట్ పార్కులో బీచ్ చేరాలంటే పెద్ద పెద్ద స్ప్రూస్, సీడర్ చెట్ల కింద అర మైలు నడవాలి. అమ్మానాన్నలకి ఓపిక లేకపోతే వదిలేయండి, ఉంటే మాత్రం ఆ నడక కోసమే వెళ్లొచ్చు.

ఆ పేరు ఎందుకొచ్చిందో మీ నాన్నగారికి చెప్పండి, నచ్చుతుంది. ఆస్వాల్డ్ వెస్ట్ ఈ రాష్ట్ర గవర్నర్. 1913లో సముద్ర తీరపు తడి ఇసుకంతా ప్రజల రహదారి అని చట్టం చేయించాడు. నిజంగానే అప్పట్లో బళ్లు ఇసుక మీదే తోలేవాళ్లు. తర్వాత 1966లో క్యానన్ బీచ్‌లో ఒక మోటెల్ యజమాని తన ముందున్న పొడి ఇసుకకి అడ్డం కట్టి, తన గెస్టులకే అన్నాడు. జనం భగ్గుమన్నారు. గవర్నర్ టామ్ మెక్‌కాల్ హయాంలో 1967లో బీచ్ బిల్ వచ్చింది, మొక్కలు మొలిచే గీత దాకా పొడి ఇసుక మీద కూడా అందరికీ హక్కు ఖాయమైంది. అందుకే ఇక్కడ ఎంత ఖరీదైన ఇల్లున్నా దాని ముందు బీచ్‌లో మీరు చాప పరుచుకుని పులిహోర తినొచ్చు. డబ్బు కట్టేది కొన్ని పార్కుల్లో పార్కింగ్‌కే. ఆ ఫీజు ఈమధ్య పెంచారు కాబట్టి పాత బ్లాగుల్లో అంకెలు నమ్మకండి. ఇంకో చిక్కు, స్టేట్ పార్కు పర్మిట్ మూడో రోజు చూసే యాక్వినా హెడ్ దగ్గర చెల్లదు, అది కేంద్ర ప్రభుత్వ శాఖది. కేప్ పర్పెచువా కూడా అంతే. కేంద్ర ప్రభుత్వ స్థలాలకి చెల్లే అమెరికా ద బ్యూటిఫుల్ పాస్ ఉంటే ఆ రెండు చోట్లా పనికొస్తుంది, స్టేట్ పార్కుల్లో పనికిరాదు.

రెండో రోజు టిల్లమూక్‌లో ఐస్‌క్రీమ్ తిని (క్యూ పెద్దది, అయినా పాప వదలదు) కేప్ మియర్స్ వెళ్లండి. 1890 నాటి లైట్‌హౌస్, ఎత్తు 38 అడుగులే. మా నాన్న చూసి "ఇదా? మా వాటర్ ట్యాంకు నయం" అన్నారు. 200 అడుగుల కొండ అంచున కడితే ఇక ఎత్తుతో పనేముంది. అక్కడ నుంచి పసిఫిక్ సిటీలో కేప్ కివాండా. దీనికి నేను ఎక్కువ టైము ఇమ్మంటాను. కారణం ఇసుక దిబ్బ కాదు, డోరీ పడవలు. రేవు లేదు, జెట్టీ లేదు. పొద్దున్నే ఒడ్డు నుంచే అలల్లోకి తోసుకుని చేపలకి వెళ్తారు. తిరిగి వచ్చేటప్పుడు పడవ మోటారు హోరుతో నేరుగా ఒడ్డు మీదికి దూసుకొచ్చి ఇసుకలో జారుకుంటూ ఆగుతుంది, ట్రైలర్ తగిలించిన ట్రక్కు వెనక్కొచ్చి ఎక్కించుకుపోతుంది. భీమిలిలో పడవల్ని అలల మీంచి ఒడ్డుకి చేర్చడం చూస్తూ పెరిగిన మా నాన్న ఎంతసేపు నిలబడి చూశారో. భాష రాకపోయినా ఒక జాలరితో చేతి సైగలతో పడవ అడుగుభాగం బల్లపరుపుగా ఎందుకుందని మాట్లాడేశారు. దారిలో నిలబడకండి, పడవకి బ్రేకులుండవు. దిబ్బ పక్కన మెత్తటి ఇసుకరాయి కొండకి కంచె ఉంటుంది. జనం దాటి వెళ్తూనే ఉంటారు. అంచు విరిగి సముద్రంలో పడి చనిపోయినవాళ్లున్నారు. మీరు దాటకండి.

సాయంత్రానికి డిపో బే. రోడ్డు పక్క గోడ దగ్గర నిలబడితే చాలు, టికెట్టు లేదు. వేసవిలో కొన్ని గ్రే వేల్స్ ఉత్తరాన అలాస్కా దాకా పోకుండా ఇక్కడే మేస్తూ ఉండిపోతాయి. తిమింగలం కోసం వెతకొద్దు, నీటి మీద పైకి లేచే ఆవిరి కోసం చూడండి. ఒకసారి కనిపిస్తే నిమిషమో రెండు నిమిషాలో ఆగి ఆ చుట్టుపక్కలే మళ్లీ వస్తుంది. స్టేట్ పార్కుల వాళ్ల వేల్ వాచింగ్ సెంటర్ అక్కడే ఉంది, ఎక్కడ చూడాలో వాళ్లు చూపిస్తారు. డబ్బు పెట్టి బోటెక్కే పని లేదు, పైగా పెద్దవాళ్లకి వాంతులు.

రాత్రికి న్యూపోర్ట్‌లో ఉండండి. మూడో రోజు పొద్దున యాక్వినా హెడ్. 1873 నాటి 93 అడుగుల లైట్‌హౌస్, ఎదురుగా రాళ్ల మీద వేల కొద్దీ మర్ పక్షులు, ఆ గోల, ఆ కంపు కూడా. కింద గుండ్రాళ్ల బీచ్ ఉంది. ఇసుకే ఉండదు, అన్నీ నున్నటి నల్లరాళ్లే. అల వెనక్కి తగ్గేటప్పుడు అవన్నీ ఒకదానిమీదొకటి దొర్లి గలగలమంటాయి. మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లు పైనుంచే వినొచ్చు. తర్వాత కేప్ పర్పెచువా, దాదాపు 800 అడుగుల ఎత్తుకి కారులోనే వెళ్లొచ్చు. థోర్స్ వెల్ అనే రాతి గొయ్యి కింద ఉంది, అది మాత్రం పోటు టైములోనే చూడాలి, దూరం నుంచే. హెసీటా హెడ్ లైట్‌హౌస్ ఫోటో రోడ్డు మీద వ్యూపాయింట్ నుంచే బాగా వస్తుంది. ఫ్లోరెన్స్‌లో 126 ఎక్కి యూజీన్ మీదుగా ఐ-5లో ఇంటికి.

నీలం రంగు సునామీ బోర్డులు దారంతా కనిపిస్తాయి. 2004 గుర్తున్న మన పెద్దవాళ్లకి అవి చూడగానే టెన్షన్ మొదలవుతుంది. 1700 జనవరి 26న ఇక్కడ చాలా పెద్ద భూకంపం వచ్చి, దాని సునామీ జపాన్ దాకా వెళ్లింది, అందుకే ఆ ఏర్పాటు. గట్టిగా, చాలాసేపు భూమి కదిలితే సైరన్ కోసం ఆగకుండా బాణం గుర్తు చూపే ఎత్తుకి నడవాలి. అంతే తెలిస్తే చాలు.

తిండికి ఇబ్బంది పడొద్దంటే పులిహోర, దద్దోజనం, చపాతీలు ఇంటి నుంచే. శాకాహారులకి హోటళ్లలో ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప పెద్దగా దొరకదు. బీచ్‌లో డబ్బా మూత తీస్తే సీగల్ పక్షులకి, ఎగిరే ఇసుకకి సగం పోతుంది, పార్కు పిక్నిక్ బల్లల దగ్గరో కారులోనో తినండి. బాత్రూముల గురించి మాత్రం దిగులు లేదు, ముఖ్యమైన పార్కుల్లో ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ కొండల మధ్య పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

జులైకి క్యాంప్‌గ్రౌండ్లు, యర్ట్‌లు (గుండ్రటి గుడారాల్లాంటి గదులు) ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, ఇప్పటికి అయిపోయి ఉంటాయి. రద్దయినవి మధ్యమధ్యలో దొరుకుతుంటాయి కానీ పెద్దవాళ్లతో హోటలే నయం. వారం మధ్యలో చూడండి, శని ఆదివారాల రేట్లు వేరు. డేట్లు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఆటు టైములు చూసి, అవసరమైతే మొదటి రోజునీ మూడో రోజునీ తారుమారు చేద్దాం.