బండికి స్పీకర్లా తమ్ముడూ? ముందుగాల కరెంటు లెక్క చూడు

దేవరకొండ దిక్కు నుంచి డల్లాస్‌కు కొత్తగ వచ్చిన తమ్ముడొకడు అడిగిండు: “అన్నా, సెకండ్ హ్యాండ్‌ల క్రూజర్ బండి కొన్న. హ్యాండిల్‌కు బిగించే 600 వాట్ల స్పీకర్లు ఆన్‌లైన్ల 70 డాలర్లకే ఉన్నయి. ఆర్డర్ పెట్టాల్నా?”

పెట్టకు. ఎందుకో చెప్త, దాని బదులు ఏం కొనాల్నో గూడ చెప్త.

డబ్బా మీద ఉన్న 600 అనేది పీక్ లెక్క. కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోయే మోతను కొలిచి, దాన్ని ఇంకింత పెంచి రాస్తరు. మనం చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండ ఇయ్యగల బలం. నిజంగ 600 వాట్లు రావాలంటే 12 వోల్టుల బ్యాటరీ మీద 50 ఆంపియర్లు గుంజాలె, వేడి కింద పోయేది వేరే. ఆ స్పీకర్ల ఫొటోను పెద్దగ చేసి వైరు చూడు. ఫోన్ చార్జర్ వైరంత సన్నగ ఉంటది, మధ్యల ఫ్యూజు మీద 5 అనో 10 అనో అంకె ఉంటది. 10 ఆంపియర్ల ఫ్యూజులకెళ్లి లోపలికి పోయేదే 120 వాట్లు. బయటికి 600 యాడికెళ్లి వస్తది?

ఇగ అసలు సంగతి, బండి దగ్గర కరెంటు ఎంతున్నది అని. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరల డీజే బండ్లు చూసే ఉంటవు. ఆ బాక్సుల వెనుక జనరేటర్ వేరే మోగుతుంటది. నీ బండికి జనరేటర్ అన్నా, ఇంకేదన్నా ఇంజన్‌ల ఉన్న స్టేటరే. చిన్న బండ్లల్ల అది పుట్టించేది మొత్తం 200, 300 వాట్ల లోపు. పెద్ద టూరింగ్ బండ్లల్ల 500 దాటుతది. అందుల హెడ్‌లైటు, ఇగ్నిషన్, ఫ్యూయెల్ పంపు, ఫ్యాను ముందే వాటాలు తీసుకుంటయి. మిగిలిందే పాటలకు. పైగా ఈ పూర్తి కరెంటు ఇంజన్ జోరుగ తిరిగినప్పుడే పుడ్తది. ఆగస్టు ఎండల డల్లాస్ 635 హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయి, ఫ్యాను తిరుగుతుంటే, స్టేటర్ అప్పుడే తక్కువ ఇస్తది. నువ్వేమో బోర్ కొట్టి అప్పుడే సౌండు పెంచుతవు.

అందుకే ఏదన్న కొనేముందు 20 డాలర్ల మల్టీమీటర్ ఒకటి తెచ్చుకో. రాత్రంత ఆపిన బండి బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపియ్యాలె. 12.2 కంటే కిందున్నదంటే బ్యాటరీకే రోగమున్నది, స్పీకర్ల ముచ్చట తర్వాత. ఆ తర్వాత బండి స్టార్ట్ చేసి, హై బీమ్ పెట్టి, ఫ్యాను తిరిగేదాక ఆగి, ఐడిలింగ్‌ల ఉండంగనే మళ్ల చూడు. 13.5 పైన నిలబడితే నీ బండికి చేతిల కొంచెం మిగులున్నది. 13 కిందికి జారుతుంటే ఉన్న ఖర్చే ఎల్తలేదన్నట్టు. అట్లాంటి బండికి స్పీకర్లకు బలమిచ్చే ఆంప్లిఫయర్ పెడితే వారం తిరిగేసరికి ఏ పార్కింగ్‌లనో సెల్ఫ్ టకటక అని ఊకుంటది.

నేనైతే కొత్తగ వచ్చినోళ్లకు, ముందు అద్దం, ఫెయిరింగ్ (బండి ముందు గాలిని ఆపే తొడుగు) లేని బండ్లోళ్లకు ముఖ్యంగ, హెల్మెట్‌ల పెట్టుకునే బ్లూటూత్ సెట్టే చెప్త. కార్డో, సెనా కంపెనీలు రెండూ మంచియే. పైరకం సెట్టు 400 డాలర్లు గూడ దాటుతది, సాదా సెట్టు సగానికి తక్కువకే వస్తది. దానికి బండి కరెంటుతోని పని లేదు, వైరింగు లేదు, బండి అమ్మినా సెట్టు నీతోనే ఉంటది. ఓపీటీ (చదువైనంక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉండి రేపు ఏ రాష్ట్రానికి పోతవో తెల్వనోనికి ఇది చిన్న సంగతి కాదు. బిగించేటప్పుడు కొంచెం ఓపిక పట్టు. స్పీకర్ అటూ ఇటూ రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా సౌండు సగమైపోతది. చెవి రంధ్రానికి సూటిగ వచ్చేదాక వెల్క్రో పీకి అతికించి చూస్కోవాలె.

చెవుల గురించి గూడ చెప్పాలె. హైవే మీద 65 మైళ్లు దాటినంక హెల్మెట్ లోపల ఒక్క గాలి చప్పుడే 95 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటది. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ 8 గంటలు తట్టుకోవచ్చు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగమైతది. 94కు గంట, 100కు 15 నిమిషాలు. గాలిని మించి వినబడాలని పాట పెంచుకుంట పోతే ఎక్కడికి చేరుతవో లెక్క నువ్వే చేస్కో. గాలిని తగ్గించే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్గులు 20, 30 డాలర్లకు దొరుకుతయి. అవి పెట్టుకొని దాని మీద హెల్మెట్ స్పీకర్ వింటే పాట తక్కువ సౌండుకే తేటగ వినబడ్తది. అయితే మామూలు ఇయర్‌బడ్స్ రెండు చెవులల్ల కుక్కుకొని నడుపొద్దు. కాలిఫోర్నియాల రెండు చెవులు మూసే హెడ్‌సెట్, ఇయర్‌బడ్ నేరం, న్యూయార్క్‌ల ఒక్క చెవికి మించి పెట్టొద్దు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు, ప్లగ్గుల సంగతి గూడ అంతే. నీ రాష్ట్రం మోటర్ సైకిల్ డ్రైవింగ్ బుక్కు ఒక్కపారి తిరగెయ్.

లేదన్నా, నాది ఫెయిరింగ్ ఉన్న టూరింగ్ బండే, స్పీకర్లు పెట్టుడే అంటవా? సరే. వాట్ల కంటే ముందు సెన్సిటివిటీ అనే అంకె చూడు. ఒక వాటుకు ఒక మీటరు దూరంల ఎన్ని డెసిబెల్స్ ఇస్తదో అది చెప్తది. 90 డెసిబెల్స్ స్పీకర్‌కు 100 వాట్లు పోస్తే ఎంత మోత వస్తదో, 93 డెసిబెల్స్ స్పీకర్‌కు 50 వాట్లకే అంత మోత వస్తది. కరెంటు కరువున్న బండికి ఇంతకంటే పెద్ద మేలు లేదు. గాలి మోత ఎక్కువ భాగం బొంగురుదే, తక్కువ ఫ్రీక్వెన్సీది. అందుకే గొంతు, డప్పు దెబ్బ కొస, ఢోలక్ టకటక, ఈ నడిమి, పై శబ్దాలు మంచిగ ఇచ్చే స్పీకర్ గాలిని చీల్చుకొని వినబడ్తది. బేస్ మీద ఆశ పెట్టుకోకు. నాలుగు గోడలు లేని చోట ఆరున్నర ఇంచుల స్పీకర్ నుంచి బేస్ రాదు, రప్పియ్యాలని చూస్తే కాగితమే చిరుగుతది. ఆంప్లిఫయర్‌ల కింది బేస్‌ను ఆపేసే హై పాస్ ఫిల్టర్‌ను 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టు. ఆంప్లిఫయర్ మీదుండే గెయిన్ అనేది లోపలికొచ్చే పాట బలానికి ఆంప్లిఫయర్‌ను సరిపెట్టేది, సౌండు పెంచే బటన్ గాదు. దాన్ని తిప్పుకుంట పోయి పాట పగిలినట్టు వినబడే ముందే ఆపేయాలె.

ఆంప్లిఫయర్ క్లాస్ డీ అనే రకందే తీసుకో, తక్కువ వేడి, తక్కువ జాగ. రెండు స్పీకర్లకు కలిపి నిజమైన ఆర్ఎంఎస్ 100, 150 వాట్లు మస్తు. నీళ్ల సంగతికి ఐపీ నంబర్ చూడు. ఐపీఎక్స్5 అంటే నీటి ధారను తట్టుకుంటది, ఐపీఎక్స్6 ఇంకా గట్టి ధారను. ఇక్కడి వాన తోడు సెల్ఫ్ కార్ వాష్ ప్రెషర్ గన్ గూడ ఉంటది, మర్చిపోకు.

బిగించుడు ఇంట్ల చేసుకోవచ్చు. షాపోళ్లు గంటకు 100 డాలర్ల పైనే తీసుకుంటరు. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలె, జానెడు దూరంల. వైరు ఎక్కడన్న ఒరుసుకుపోయి ఫ్రేముకు తగిలితే ఆ ఫ్యూజే బండి కాలకుండ ఆపుతది. ఆంప్లిఫయర్ దగ్గర పెట్టిన ఫ్యూజు ఆంప్లిఫయర్‌నే కాపాడుతది, నడుమ వైరును కాదు. అచ్చం రాగి వైరే కొను. అల్యూమినియం మీద రాగి పూసిన వైరు అగ్గువకు వస్తది గానీ, అంత కరెంటు మోయదు, ఊగుడుకు విరుగుతది. మైనస్ వైరును గూడ బ్యాటరీ దాక తీసుకపో. ఫ్రేము మీద రంగు గోకి బోల్టు బిగిస్తే, ఎక్సలేటర్ ఇచ్చినకొద్ది స్పీకర్ల కుయ్యిమని సన్నటి కూత మొదలైతది. ఆంప్లిఫయర్ తాళం చెవి తిప్పినప్పుడే ఆన్ అయ్యేటట్టు రిలే (కరెంటుతోని పనిచేసే స్విచ్చు) పెట్టు, లేకుంటే రాత్రంత బ్యాటరీని తాగుతుంటది. వైరింగుకని విప్పిన పెట్రోల్ ట్యాంకు మళ్ల ఎక్కించక ముందే హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాక తిప్పి చూడు, వైరు గుంజుకపోతున్నదా, మడతపడుతున్నదా అని. సైలెన్సర్ గొట్టానికి దూరంగ ఉంచు. వైరును గుచ్చి కలిపే స్కాచ్‌లాక్ క్లిప్పులతోని కంపెనీ వైరును కొరికియ్యకు, వాననీళ్లు లోపలికి పోయేది అక్కడినుంచే.

వారంటీ పోతదేమో అని భయపడ్తరు మనోళ్లు. ఇక్కడ 1975ల వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టమున్నది. వేరే కంపెనీ సామాను బిగించినవన్న ఒక్క కారణంతోని మొత్తం వారంటీ కొట్టేయలేరు. ఆ సామాను వల్లనే పాడైందని వాళ్లు చూపియ్యాలె. నువ్వు కోసి అతికిచ్చిన చోట వైరింగు కాలితే మాత్రం ఖర్చు నీదే. ఇన్సూరెన్సోళ్లకు గూడ చెప్పి పెట్టు. లయబిలిటీ (ఎదుటోళ్ల నష్టానికే కట్టేది) ఒక్కటే ఉన్న పాలసీల దొంగోడు పీక్కపోయిన స్పీకర్లకు పైసా రాదు.

మోత మీద గూడ పోలీసులు జరిమానా కాయిదాలు చేతిల పెడ్తరు. కాలిఫోర్నియాల రోడ్డు మీద నీ పాట 50 అడుగుల అవతలికి వినబడితే టికెట్టే. చానా ఊర్లల్ల ఇట్లాంటి నియమాలున్నయి. అపార్ట్‌మెంట్ల రాత్రి 10 దాటినంక పక్కింటోడు వచ్చి గొడవ పడడు, సప్పుడు లేకుండ పోలీసుకు ఫోన్ చేస్తడు. టికెట్ వస్తే దాని మీద తారీఖు చూసి కట్టు, లేదా కోర్టుకు పో. వీసా మీద ఉన్నోడు దాన్ని డ్రాయర్‌ల పడేసి మర్చిపోవుడంత తెలివితక్కువ పని లేదు. జరిమానాతోని పోయేది వారెంటు దాక పోతది.

ఇంకొకటి. పండుగకు ఇంటికి పోతూ ఊర్లె తమ్మునికి సెట్టు పట్టుకపోతనంటున్నరు కొందరు. బ్లూటూత్ సెట్టు ఒక్కటే తీస్కపో, హెల్మెట్ వద్దు. 2021 జూన్ నుంచి మన దేశంల టూ వీలర్ హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఇక్కడి హెల్మెట్ల మీదుండే అమెరికా డాట్ (DOT) గుర్తు అక్కడ పనికిరాదు. నల్లగొండలనో పాలమూరులనో చెవుల కాడ స్పీకర్‌కు గుంట ఉన్న ఐఎస్ఐ హెల్మెట్ చూసి కొనుక్కోమను. విమానంల సెట్టును చేతి సంచిల పెట్టుకో, లిథియం బ్యాటరీ ఉంటది. మే నెల మిర్యాలగూడ ఎండల హెల్మెట్‌ను బండి మీద తగిలేసి పోవద్దని చెప్పు, ఆ వేడికి మొదలు పోయేది ఆ బ్యాటరీయే. డిండి మీదుగ శ్రీశైలం పోయేటోళ్లయితే మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి, రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక బండ్లను విడువరు. పగటిపూట పోయినా అక్కడ పాట బంద్ పెట్టుమను, ఘాట్ మలుపుల ఎదురొచ్చే బస్సు హారన్ చెవిన పడాలె గదా.