‘ఓన్’ అంటే సొంతమా, బాకీనా?

‘ఓన్’ అనే ఇంగ్లీషు క్రియకి అసలు అర్థమేంటి, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు.

నాకు ఓనర్ అంటే ఇంటి ఓనరే తెలుసు. ఒకటో తారీఖున మెట్ల దగ్గర నిలబడి "జీతం పడిందా బాబూ?" అని అడిగే మనిషి. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన రెండో వారం, ఒక టికెట్‌లో (ఆఫీసులో ఒక్కో పనికీ, సమస్యకీ తెరిచే కంప్యూటర్ చీటీ అన్నమాట) ‘ఓనర్’ అన్నచోట నా పేరు కనిపించింది. సంబరంగా స్క్రీన్‌షాట్ తీసి తమ్ముడికి పంపాను. ఆ రాత్రి రెండింటికి ఫోన్. "సర్వర్ పడిపోయింది, ఓనర్‌వి నువ్వే కదా, చూడు." ఇక్కడ ఓనర్ అంటే వసూలు చేసేవాడు కాదు, కట్టేవాడన్నమాట!

ఆ మంట మీదే తర్వాత ఈ మాట పుట్టుక వెతికాను. పాత ఇంగ్లీషులో ‘ఆగన్’ అనే క్రియ ఉండేది, కలిగి ఉండటం అని అర్థం. దాని నుంచి పుట్టిన ‘ఆగెన్’, అంటే సొంతమైన అనే మాట, నేటి ‘ఓన్’కి మూలం. తమాషా ఏంటంటే బాకీ పడటాన్ని చెప్పే ‘ఓ’ (owe) కూడా ఆ ఆగన్ నుంచే వచ్చింది. షేక్‌స్పియర్ కాలంలో కూడా దాన్ని ‘సొంతంగా ఉండటం’ అనే అర్థంలో వాడేవాళ్ళు. కట్టాల్సింది నా దగ్గర ఉంది అంటే బాకీ ఉన్నట్టే కదా, అలా మళ్ళింది అర్థం. చేసి తీరాలి అని చెప్పే ‘ఆట్’ (ought) కూడా ఆగన్‌కి ఒకప్పటి భూతకాల రూపమే.

ఇంకా లోతుకి వెళ్తే మన సంస్కృత ‘ఈశ్’ ధాతువు కూడా ఈ కుటుంబంలోదే. అంటే ఈశ్వరుడికీ మా ఇంటి ఓనరుకీ దూరపు చుట్టరికం ఉంది. ఆయనకి మాత్రం చెప్పలేదు, అద్దె పెంచుతాడని.

తెలుగులో దీనికి సరిపడే ఒంటి క్రియ లేదు. ‘నాకు ఇల్లుంది’ అంటాం, ఉండేది ఇల్లే, నేను చేసేదేమీ లేదు. అందుకేనేమో ‘జనం ఆ సినిమాని ఓన్ చేసుకున్నారు’ అని అరువు తెచ్చుకున్నాం. ఆ వాడుకలో ఆస్తి లేదు, ‘మనదే’ అనుకోవడం ఉంది.

‘అప్’ చేరిస్తే ‘ఓన్ అప్’, తప్పు ఒప్పుకోవడం. అదీ ఆ వారంలోనే నేర్చుకున్నాను. సర్వర్ పడింది నేను సాయంత్రం మార్చిన ఒక్క లైను వల్లే.