సైకిల్ కొనేటప్పుడు కంపెనీ పేరు చూడాలా?

సెప్టెంబరు వస్తే మా డేవిస్‌లో యూనివర్సిటీకి కొత్తగా చేరిన మన పిల్లలు తప్పకుండా అడిగే మాట: "అన్నా, ఏ కంపెనీ సైకిల్ కొనమంటారు?" 1967లోనే రోడ్డు పక్కన సైకిళ్లకు విడిగా గీత గీసి దారి ఇచ్చిన ఊరు ఇది. కాలిఫోర్నియాలో ఉన్నా మన డెల్టాలాగే చదునుగా ఉంటుంది. మంచి సైకిల్ ఉంటే కారు లేకుండానే చదువు పూర్తిచేసుకోవచ్చు. అందుకే ఈ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పాలనిపిస్తుంది.

మన దగ్గర హీరో, అట్లాస్, హెర్క్యులెస్ అని పేరు చెబితే బండి ఎలా ఉంటుందో కళ్లకు కట్టేది. ఇక్కడ పేరును అలా నమ్మకండి. ష్విన్ అనే అమెరికా సైకిల్ కంపెనీ సంగతే చూడండి. 1895లో చికాగోలో పుట్టింది. ఎన్నో తరాల అమెరికా పిల్లలు దాని మీదే తొక్కడం నేర్చుకున్నారు. 1992లో దివాలా తీసింది. చేతులు మారి, 2001లో ఆ పేరు పసిఫిక్ సైకిల్ అనే కంపెనీకి వెళ్లింది. ఆ తర్వాత అదే పేరు సూపర్‌మార్కెట్లలో అమ్మే చవక సైకిళ్ల మీద కనిపించడం మొదలైంది. జెయింట్‌ది మరో కథ. 1972లో తైవాన్‌లో మొదలైన ఈ కంపెనీ ముందు ష్విన్‌లాంటి వాళ్లకు సైకిళ్లు చేసిపెట్టి, తర్వాతే సొంత పేరుతో పెద్దదైంది. అంటే ఫ్రేమ్ మీద ఉన్న పేరు ఒకరిది, చేసిన చెయ్యి ఇంకొకరిది.

నేను వచ్చిన కొత్తలో తెలిసిన పేరే కదా అని ఒక పెద్ద స్టోర్లో కొన్నాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును వెనక్కి తిప్పి బిగించారు. నాకది తెలియలేదు. రెండోవారంలో మలుపు దగ్గర బ్రేక్ పట్టక పడ్డాను, మోచెయ్యి చిట్లింది. సైకిల్ బాగుచేసిన మెకానిక్ చెప్పాకే అర్థమైంది: ఎవరు బిగించారన్నది ఎవరు తయారుచేశారన్నంత ముఖ్యం.

కాబట్టి ముందు సైజు చూడండి. సీటు ముందు రాడ్డుకు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, రాడ్డుకూ మీకూ మధ్య ఒకటి రెండు అంగుళాల సందు ఉండాలి. చక్రం ఎత్తి తిప్పండి. రిమ్ము అటూ ఇటూ ఊగితే బెండు ఉన్నట్టే. గేర్ల దగ్గర షిమానో అనే గేర్ల కంపెనీ పేరు చూసి ఆగిపోకండి, అందులోనూ కిందినుంచి పైకి మెట్లున్నాయి: టోర్నీ, ఆల్టస్, ఏసెరా, అలీవియో, డియోర్. మా ఊరిలాంటి చదును నేలకు ఆల్టస్ చాలు. చవక సైకిల్‌కు ముందు స్ప్రింగులున్న ఫోర్కు వద్దు, బరువు తప్ప సుఖం లేదు.

మరి పేరుకు విలువే లేదా అంటే, ఒకచోట ఉంది. ట్రెక్, స్పెషలైజ్డ్, జెయింట్, క్యానన్‌డేల్ లాంటివాళ్లు మామూలుగా మొదట కొన్నవారికి ఫ్రేమ్ మీద జీవితకాలం వారంటీ ఇస్తారు. అమ్మేది కూడా చాలావరకు సైకిల్ షాపులే, కాబట్టి తెలిసినవాళ్లే బిగిస్తారు. కొన్ని షాపులు మొదటి కొన్ని నెలలు బ్రేకులు, గేర్లు ఉచితంగా సరిచేస్తాయి. డబ్బులకు ఇబ్బందైతే, నా సలహా, సూపర్‌మార్కెట్ కొత్త సైకిల్ కన్నా ఇలాంటి షాపులో పదేళ్లనాటి సెకండ్ హ్యాండ్ ట్రెక్ కొనండి. వారంటీ రాకపోయినా పర్వాలేదు.

ఒక్క మాట మరిచిపోకండి. మన సైకిళ్లకు స్టాండు, మడ్‌గార్డులు, క్యారియర్, తాళం కలిసే వచ్చేవి. ఇక్కడ చాలావాటికి ఏవీ రావు. రాత్రి తొక్కాలంటే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఉండి తీరాలి. క్యాంపస్‌లో దొంగతనాలు ఎక్కువ, సన్న కేబుల్ తాళాన్ని క్షణంలో కోసేస్తారు. గట్టి యూ-లాక్ (U ఆకారంలో ఉండే ఇనుప తాళం) కొని, ఫ్రేమునూ చక్రాన్నీ కలిపి సైకిళ్లు నిలిపేచోట ఉండే ఇనుప కమ్మీకి వెయ్యండి. పెడల్ ఇరుసు కింద ఫ్రేమ్ మీద సైకిల్ గుర్తింపు నంబరు ఉంటుంది, కొన్నరోజే ఫోటో తీసి దాచుకోండి. వీటన్నిటికీ డబ్బు పక్కన పెట్టుకుని, మిగిలినదాంట్లోనే సైకిల్ చూడండి.